జారిపడినట్టు తెలిసింది

సోమవారం రెండో పీరియడ్ మొదలవుతూనే ప్రమీలారాణి తన విద్యార్థి ఉరుకుందును లైబ్రరీకి పంపింది. ఏదో పుస్తకం తెమ్మని చెప్పింది. అతను వరండా దాటగానే తలుపు దగ్గరగా వేసి, ముందు రెండు బెంచీల వాళ్ళతో గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఈ అట్ట మీద ఎడమ పక్క ఒక గీత ఉంది. కుడి పక్క అ, ఆ, ఇ అని మూడు గీతలు. ఎడమ గీతతో సమానమైనది ఏదని ఒక్కొక్కరినీ అడుగుతాను. సరైన జవాబు 'ఆ'. కానీ మీరంతా 'ఇ' అనండి. నవ్వొద్దు. అతన్ని చివర అడుగుతాను."

తనూజ అప్పుడే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

కర్నూలు శివారులోని ఆ ప్రైవేటు బి.ఇడి. కాలేజీలో ప్రమీలారాణి పంతొమ్మిదేళ్ళుగా సైకాలజీ చెబుతోంది. ఏటా ఈ పాఠానికి ఈ అట్టలు బయటికి తీస్తుంది. పాఠం ఎవరికీ గుర్తుండకపోయినా ఈ ఆట గుర్తుంటుంది. ఎవరిని ఎంచుకోవాలో కూడా ఆమెకు అలవాటే. పల్లె నుంచి వచ్చినవాళ్ళు, బెంచీ అంచున కూర్చునేవాళ్ళు, పేరు పిలిస్తే ఉలిక్కిపడేవాళ్ళు. ఉరుకుందుది కోసిగి దగ్గర పల్లె. ఉన్న రెండు చొక్కాలూ మార్చి మార్చి ఉతికి వేసుకొస్తాడు. ఈసారి వెతకాల్సిన పని లేకపోయింది.

అతను పుస్తకం తెచ్చి కూర్చున్నాడు. పదకొండు మంది వరసగా "ఇ" అన్నారు. ఉరుకుందు అట్ట వైపు చూసి, పక్కవాళ్ళ మొహాలు చూసి, అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఆ, మేడం."

ఆమె రెండో అట్ట తీసింది. మళ్ళీ పదకొండు మంది తప్పు చెప్పారు. అతను మళ్ళీ సరిగ్గానే చెప్పాడు. మూడో అట్టకు అతని మెడ మీద చెమట పట్టింది. వెనక బెంచీలో ఎవరో ఆపుకోలేక కిసుక్కుమన్నారు.

"నా కండ్లకే ఏమన్నా అయిందేమో మేడం," అన్నాడు. "అందరికీ 'ఇ' కనపడతాంటే నాకు మాత్రం 'ఆ'నే సమానంగా కనపడతాంది. నేనేం జేసేది?"

క్లాసంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వి, అసలు సంగతి చెప్పింది. ఇది డెబ్బై ఏళ్ళ కిందట అమెరికాలో చేసిన ప్రయోగమనీ, కళ్ళెదుట నిజం కనిపిస్తున్నా నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా గుంపు మాటే పలికారనీ వివరించింది. పంతొమ్మిదేళ్ళలో మూడు అట్టలకూ నిలబడినవాడు ఇతనొక్కడేనని మాత్రం చెప్పలేదు.

తనూజ లేచింది. "మేడం, మూర్తిమత్వం మనిషి లోపల నిలకడగా ఉంటుందని పోయిన వారం రాయించారు. ఇవాళేమో చుట్టూ ఉండే జనాన్ని బట్టి మనిషి మారతాడంటున్నారు. పరీక్షలో ఏది రాయాలి?"

"రెండూ రాయి. మార్కులు రెండింటికీ ఉన్నాయి," అంది ప్రమీలారాణి.

గంట కొట్టాక ఉరుకుందు బల్ల దగ్గరికొచ్చాడు. "నన్నే ఏంటికి ఏరుకున్నారు మేడం?"

"ఊరికే," అంటూ ఆమె అట్టలను రబ్బరు బ్యాండులో చుట్టింది.

*

మంగళవారం మధ్యాహ్నం అన్నాల వేళ. స్టాఫ్‌రూములో తక్కినవాళ్ళు తిని చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. ప్రమీలారాణి కిటికీ పక్కన కూర్చుని పెరుగన్నం కలుపుకుంటోంది. గేటు బయట కారు హారన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది. మూడోసారి ఆగకుండా మోగింది.

వాచ్‌మన్ ఆదెన్న వరండాలో ఉన్నాడు. పిల్లలకు తాగే నీళ్ళ క్యాను భుజం మీంచి దించుతున్నాడు. అరవై దగ్గర పడినవాడు. క్యాను కింద పెట్టి పరిగెత్తాడు. గేటు ఒక రెక్క తెరిచాడు. రెండో రెక్క గొళ్ళెం నేలలో బిగుసుకుపోతే వంగి లాగుతున్నాడు.

కారులోంచి భూపేష్ దిగాడు. కరస్పాండెంటుగారి కొడుకు. రెండేళ్ళుగా కాలేజీ వ్యవహారాలన్నీ అతనే చూస్తున్నాడు. ఏదో అరుస్తూ వచ్చి, వంగిన ఆదెన్నను కాలరు పట్టి పైకి లేపి చెంప మీద కొట్టాడు. రెండు చేతులతో వెనక్కి తోశాడు. ఆదెన్న వాచ్‌మన్ గది మెట్ల మీద వెల్లకిలా పడ్డాడు. కుడిచెయ్యి ఒంటి కింద మడతపడింది.

వరండాలో ముప్పై మందికి పైగా ఉన్నారు. టిఫిన్ డబ్బాలు చేతుల్లో ఉన్నాయి. ఎవరూ కదల్లేదు. ఒకరినొకరు చూసుకున్నారు. భూపేష్ కారెక్కి, తెరిచి ఉన్న ఒక రెక్కలోంచే జాగ్రత్తగా లోపలికి పోనిచ్చాడు.

ప్రమీలారాణి లేచి నిలబడింది. పిలవాలనుకుంది. ఏమని పిలవాలో తోచలేదు. కిటికీ నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. ఎందుకు వేసిందో ఆమెకు అప్పుడు తెలియలేదు. తర్వాత కూడా సరిగ్గా తెలియలేదు. డబ్బా మూత పెట్టి, కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంది. ఒక్కో వేలికీ సబ్బు రాసి కడుక్కుంది. బయటికి వచ్చేసరికి ఉరుకుందు ఆదెన్నను ఆటోలో కూర్చోబెట్టి, పక్కన తనూ ఎక్కి, పెద్దాసుపత్రికి పోనిమ్మని చెబుతున్నాడు.

*

మణికట్టు దగ్గర రెండు ఎముకలు విరిగాయని బుధవారం పొద్దున్నే తెలిసింది. ఆదెన్న భార్య చౌడమ్మ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చిందని కూడా తెలిసింది.

పదకొండు గంటలకు ప్రిన్సిపాల్ గిడ్డయ్య స్వయంగా స్టాఫ్‌రూముకు వచ్చాడు. ఒక కాగితం బల్ల మీద పెట్టి, గాలికి ఎగరకుండా డస్టర్ ఉంచాడు. మంగళవారం మధ్యాహ్నం వాచ్‌మన్ ఆదెన్న గేటు తీసే తొందరలో కాలు జారి మెట్లపై పడటం మేము చూశాము, అని అందులో ఉంది.

"పోలీసులు అడుగుతాండారంట. అందరూ ఒక మాట మీద ఉంటే మంచిది గదా," అన్నాడు గిడ్డయ్య. ఎవరి వైపూ చూడలేదు.

తెలుగు లెక్చరర్ సంతకం చేసింది. లెక్కల సారు చేశాడు. కాగితం చేతులు మారుతూ వచ్చింది. ప్రమీలారాణి ముందుకు వచ్చేసరికి అయిదు సంతకాలున్నాయి. వాళ్ళలో ఇద్దరు ఆ సమయంలో కాలేజీలోనే లేరు. ఆమె పెన్ను తీసింది. గీకితే సిరా రాలేదు. వేరే పెన్ను అడిగి తీసుకునేంత సేపు దొరికింది. ఆ కాస్త సేపట్లో ఏదైనా అనొచ్చు. ఆరో సంతకం చేసి కాగితాన్ని పక్కకు జరిపింది.

సాయంత్రానికల్లా వరండాలో ఉన్న విద్యార్థులందరి సంతకాలూ అయ్యాయి. ఒక్కరిది మాత్రం కాలేదు.

గురువారం గిడ్డయ్య ఆమెను తన గదికి పిలిచాడు. ఫ్యాను తగ్గించాడు. కుర్చీ చూపించాడు.

"ఆ కోసిగి పిల్లోడు పెట్టనంటాండాడు మేడం. తాను సూసింది అది కాదంట."

"నేనేం చెయ్యగలను సార్?"

"మీ మాటంటే వానికి గురి. మీరు సైకాలజీ చెప్తారు, మనిషికి ఎట్ల చెప్పాల్నో మీకు తెలుసు. బెదిరించొద్దు. బెదిరిస్తే ఇట్లాటోళ్ళు మొండికేస్తారు." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకు మాత్రం బాగుంటాదా మేడం? ఆదెన్న తెచ్చిన నీళ్ళే నేనూ తాగినా. రిటైరయ్యేకి ఇంకా రెండేండ్లుండాది. కరస్పాండెంటు కొడుకుతో పెట్టుకొని యాడికి పోదును?"

కుదరదని చెప్పి ఉంటే ఆయన బలవంతం చేసేవాడు కాడేమో. ఆమె ఆ మాట అనలేదు. ఉరుకుందును మధ్యాహ్నం సైకాలజీ ల్యాబుకు రమ్మని కబురు పెట్టింది.

*

ల్యాబంటే ఒక బల్ల, రెండు బీరువాలు, అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పరికరం. ఏటా ప్రాక్టికల్స్ రోజున తప్ప ఎవరూ ముట్టుకోరు. ప్రమీలారాణి గుడ్డతో బల్ల తుడిచింది. అతన్ని ఎదురుగా కాకుండా పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుందని ఆమెకు తెలుసు.

"అమ్మ ఎట్లుంది ఉరుకుందూ?"

"సుగ్గికి పోయింది మేడం, గుంటూరు పక్కకు. మిరపకాయలు కోసేకి. ఉగాదికి వస్తాది."

"నువ్వు టీచరయితే ఇంక పోనక్కర్లేదు కదా."

"అవును మేడం."

"నీలాంటివాడు పంతులయితే నీ ఊరి పిల్లలు బడి మానేసి సుగ్గికి పోకుండా ఆపగలడు. అవునా?"

"అదే నా ఆశ మేడం."

"దానికి ఈ బి.ఇడి. పూర్తి కావాలి. ఇంటర్నల్స్ ఎవరి చేతిలో ఉంటాయో నీకు తెలుసు."

అతను తల ఊపాడు. మూడుసార్లు అవునన్నాడు. మొదట చిన్న చిన్న ఒప్పుకోళ్ళు రాబట్టాలి, అప్పుడు పెద్దది దానంతట అదే వస్తుంది. ఆ పాఠంలోనే, గీతల ప్రయోగానికి రెండు పేజీల తర్వాత ఉంటుంది అది. తను ఆ పేజీ ప్రకారమే నడుస్తున్నానని ప్రమీలారాణికి తెలుస్తూనే ఉంది.

"నేను సూసినా మేడం," అన్నాడు అతను. "అందరూ సూసినారు. ఆటోలో పోతాంటే ఆదెన్న నొప్పికి ఏడ్చినాడు. నేను స్టేషన్లో చెప్తా, నువ్వు దిగులు పడొద్దని మాటిచ్చినా."

ఆమె తెల్లకాగితం తీసి, అతనికి కనపడేలా తన గుండ్రటి అక్షరాలతో రాసింది.

"చూశానని రాస్తే అబద్ధమవుతుంది. నువ్వు అబద్ధం చెప్పాలని నేను అనను. ఇది చదువు. 'ఆదెన్న మెట్లపై జారిపడినట్టు తెలిసింది.' నువ్వు చూశానని ఎక్కడా లేదు."

అతను రెండుసార్లు చదివాడు. "ఎవరి వల్ల తెలిసింది మేడం?"

"అందరూ అదే చెబుతున్నారు కదా. అంతమంది చెబితే తెలిసినట్టే."

"మీరు సూడల్యా మేడం?"

అతను నిలదీయడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఒకవేళ ఆమె చూశానంటే అతనికి తోడు దొరికేది.

"లేదు," అంది ప్రమీలారాణి. "నేను లోపల అన్నం తింటున్నా."

ఉరుకుందు ఆమె మొహం వైపు చూశాడు. తర్వాత కాగితం వైపు చూశాడు. "మీరు తప్పు చెప్పరు మేడం," అని పెన్ను అందుకున్నాడు. ఇంటిపేరుతో సహా పూర్తి సంతకం చేశాడు. తేదీ వేసేటప్పుడు ఒకసారి ఆగి, ఇవాళ ఎన్నో తారీఖని అడిగాడు. ఆమె చెప్పింది.

*

శుక్రవారం గిడ్డయ్య మెట్ల దగ్గర ఎదురుపడి నమస్కారం పెట్టాడు. మామూలుగా ఆమే ముందు పెడుతుంది.

శనివారం పొద్దున ఫిర్యాదు వాపసు తీసుకున్నారని స్టాఫ్‌రూములో అనుకున్నారు. ఆసుపత్రి ఖర్చు యాజమాన్యమే పెట్టుకుందట. గేటు దగ్గర నీలం యూనిఫారం వేసుకున్న కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. అతనికి ఎవరి పేరూ తెలియక, వచ్చిన ప్రతివాళ్ళకూ సెల్యూట్ కొడుతున్నాడు.

ఆ రోజు క్లాసులో ప్రమీలారాణి, పిల్లవాడు అబద్ధం చెబితే టీచరు ఏం చెయ్యాలని అడిగింది. శివాని ఏదో చెప్పింది. తనూజ ఇంకేదో కలిపింది. ఎప్పుడూ అందరూ అయ్యాక బెరుకుగా చెయ్యెత్తి తనదొకటి వేరుగా చెప్పే ఉరుకుందు ఆ రోజు ఎత్తలేదు. ఆమె పేరు పెట్టి పిలిచింది.

"వాళ్ళు చెప్పిందే మేడం. నాదీ అదే," అని కూర్చున్నాడు.

క్లాసయ్యాక రికార్డు పుస్తకం సంతకానికి తెచ్చాడు. వరండాలో ఎవరూ లేరు.

"మీ మేలు మరిచిపోను మేడం. నిన్న ప్రిన్సిపాల్ సారు నన్ను పిలిచి భుజం తట్టినాడు. మీరు చెప్పకపోయింటే నేను ఊరికే మొండికేసి చెడిపోయేవాణ్ణి. మా అమ్మకు ఫోను చేసి చెప్తి. ఆ మేడం సల్లగుండాలనె."

ఆమె రికార్డు మీద సంతకం చెయ్యలేకపోయింది. మూసింది.

"ఉరుకుందూ, నేను చూశాను."

"ఏంటిది మేడం?"

"మంగళవారం. కిటికీ దగ్గరే ఉన్నాను. కాలరు పట్టుకున్నప్పటి నుంచి మొత్తం చూశాను. నీతో చూడలేదన్నాను, అది అబద్ధం."

అతను చేతిలోని పెన్ను క్యాపు తీశాడు, పెట్టాడు. చెవుల దాకా మొహం ఎర్రబడింది. తప్పు చేసినవాడు తనే అయినట్టు తల దించుకున్నాడు.

"సోమవారం స్టేషన్‌కు పోయి నిజం రాసిస్తాను," అంది ఆమె. "నువ్వు కూడా వస్తావా? ఇద్దరం ఉంటే నమ్ముతారు."

"వద్దు మేడం."

"నీకేమన్నా అయితే నేను చూసుకుంటాను."

"దాని గురించి కాదు మేడం. 'తెలిసింది' అనే గదా మనం రాసింది. దాంట్లో అబద్ధం ల్యాదు." అతని మాటలో ఎత్తిపొడుపు లేదు. జబ్బుపడిన మనిషికి ధైర్యం చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు. "మీరు గూడా రాయొద్దు మేడం. ఒక్కరు చెప్తే ఎవురూ నమ్మరు. మీ ఉద్యోగం పోతాది, అంతే."

ఆమె తెరవకపోతే తనే రికార్డు తెరిచి, సంతకం చెయ్యాల్సిన చోట వేలు పెట్టి చూపించాడు.

*

ఆదివారం పొద్దున ఆమె కోడుమూరు బస్సెక్కింది. రాత్రి రాసిన కాగితం సంచిలో ఉంది. భర్త రాజశేఖర్ ఎక్కడికని అడిగితే, తెలిసినాయనకు చెయ్యి విరిగిందని మాత్రం చెప్పింది. శనగ కోతలయిపోయి చేలన్నీ ఖాళీగా ఉన్నాయి. నల్లరేగడి నెర్రెలు విచ్చింది. కోడుమూరులో దిగి, షేర్ ఆటోలో ఇంకో అరగంట పోతే ఆదెన్న ఊరు.

చౌడమ్మ వాకిట్లో చేటతో శనగలు చెరుగుతోంది. కాలేజీకి ఒకటి రెండుసార్లు వచ్చింది కాబట్టి గుర్తుపట్టింది. చెరగడం ఆపలేదు. రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. లోపల ఆదెన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. వేళ్ళ దగ్గర్నుంచి మోచేతి దాకా కట్టు. మడిచిన తువాలు మీద ఆ చెయ్యి పెట్టుకున్నాడు. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"రామ్మా, రా. కూకో," అని లేవబోయాడు. ఆమె వద్దని వారించి, గోడ పక్కనున్న పీట మీద కూర్చుంది.

ఎముక అతకడానికి రెండు నెలలు పడుతుందట. వేళ్ళు మునుపట్లా మడుస్తాయో లేదో చెప్పలేమన్నారట. ఆదెన్న ఇదంతా వేరే ఎవరి చెయ్యి గురించో చెబుతున్నట్టు చెప్పాడు.

ప్రమీలారాణి కాగితం తీసింది. "ఆదెన్నా, ఇది వినిపిస్తాను," అని చదివింది. చిన్న కాగితమే. జరిగినది జరిగినట్టు ఉంది. నేను నా కళ్ళతో చూశాను అన్న మాట దగ్గర ఆగి, మళ్ళీ ఆ వాక్యం మొదటి నుంచి చదివింది.

బయట చేట చప్పుడు ఆగిపోయింది. చౌడమ్మ గడపలోకి వచ్చి నిలబడింది.

"ఇప్పుడు తెచ్చినావా తల్లీ?" అంది. "ఆ పిల్లోడు ఒక్కడు నిలబడితే సాలనుకుంటిమి. మిగిలినోళ్ళు ఎంతమంది ఏం రాసిచ్చినా మాకు బయం ల్యాకుండె. వాడు గూడా ఇచ్చినాడని ఆ కాగితం తెచ్చి సదివి వినిపిచ్చిరి. ఇంగ మా తట్టు మాట్లాడేవాళ్ళు ఎవురుండారు? వేలిముద్ర యేసొస్తిమి."

"రేపు ఈ కాగితం స్టేషన్లో ఇస్తాను. మీరు మళ్ళీ ఫిర్యాదు ఇవ్వండి. నేను ఎక్కడికైనా వచ్చి చెబుతాను," అంది ప్రమీలారాణి.

"వద్దమ్మా." చౌడమ్మ గొంతులో కోపం తగ్గింది. అలసట మిగిలింది. "చెయ్యి బాగయినంక వాళ్ళ గోడౌన్ కాడ కాపలా పని ఇస్తామన్నారు. కూకొని చేసే పని. ఇంగ ఈయప్పకు వేరే పని ఎవురిస్తారు? నువ్వు ఈ కాగితం ఇస్తే మేమే ఇప్పిచ్చినామంటారు. ఆ పని గూడా పోతాది. నీకు పున్యముంటాది, దాన్ని నీ తానే పెట్టుకో."

ఆమె చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. బుధవారం ఇచ్చి ఉంటే అది ఒక మనిషికి తోడయ్యేది. గురువారం ఒక్క మాట అని ఉన్నా చాలేది. ఆదివారానికి అది ఈ ఇంటి కూడు తీసే కాగితమయింది.

"చౌడీ, గమ్మునుండు. ఆయమ్మకు నీళ్ళు తే," అన్నాడు ఆదెన్న. చౌడమ్మ లోపలికి వెళ్ళింది.

కాసేపటికి అతను మెల్లగా అన్నాడు. "నువ్వు సూసినావని నాకు తెలుసమ్మా."

ప్రమీలారాణి తలెత్తింది.

"కింద పడతానే నాకు అగుపడింది నువ్వే. ఆ పొద్దే తెలుసు."

"మరి స్టేషన్లో నా పేరు చెప్పలేదే? ఎవరెవరు చూశారని వాళ్ళు అడిగే ఉంటారు కదా."

"అడిగినారు. ఆ పిల్లోని పేరొకటే చెప్తి."

"నాది ఎందుకు చెప్పలేదు ఆదెన్నా?"

ఆదెన్న జారుతున్న కట్టును ఎడంచేత్తో సర్దుకున్నాడు. ఆమె అడిగినదేమిటో అతనికి సరిగ్గా అర్థం కానట్టుంది.

"నేను చెప్పేదేముందమ్మా దాంట్లో? పంతొమ్మిదేండ్లుగా సూస్తాండా గదా నిన్ను. నువ్వే వచ్చి చెప్తావనుకుంటి."

చౌడమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ప్రమీలారాణి రెండు చేతులతో పట్టుకుంది కానీ తాగలేకపోయింది.

"తాగమ్మా," అన్నాడు ఆదెన్న. "ఎండలో వచ్చినావు."